పోపుల పెట్టెలో ఈకలు

రుయీలో మా పై అంతస్తులో ఉండే వదినగారి పోపుల పెట్టె 2013లో ఒకరోజు మాయమైంది. పెళ్ళికి అత్తగారు పెట్టిన స్టీలు పెట్టె, లోపల ఏడు చిన్న గిన్నెలు. వారం రోజులు వెతికితే చివరికి అన్నయ్యగారి బల్ల సొరుగులో దొరికింది. ఆవాల గిన్నెలో నల్ల ఈకలు, జీలకర్ర గిన్నెలో ఎర్ర ఈకలు, మినప్పప్పు గిన్నెలో సన్నటి కొక్కేలు. మిగతావాటిలో ఉన్ని దారాలు, పూసలు. "ఇంట్లో ఇన్ని అరలున్న వస్తువు ఇంకోటి కనపడలేదోయ్" అన్నారాయన. వదిన కొత్త పెట్టె కొనిపించుకున్నారు గానీ, ఆ తర్వాత పదేళ్ళలో ఆ దొంగతనం గురించి ఎత్తని పండగ లేదు.

ఆ అన్నయ్యగారు 2024 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారానికి, నిద్రలోనే పోయారు. ఈ వ్యాసం ఆయన గురించీ, ఆయనకి ఇష్టమైన ఒక సముద్రపు ఒడ్డు గురించీ.

ఆయనది అమలాపురం దగ్గర పల్లెటూరు. 1996 నవంబరు తుఫానులో నాన్నగారి కొబ్బరితోట నేలమట్టమైతే, ఇంటి పెద్దకొడుకుగా అప్పులు నెత్తిన పెట్టుకుని ఒమన్ వచ్చారు. మాకు పరిచయమైంది కూడా తుఫానులోనే. 2007 జూన్‌లో గోను వచ్చినప్పుడు మేం మస్కట్‌కి కొత్త. గల్ఫ్ అంటే ఎడారి, ఇక్కడ తుఫానేమిటని ధీమాగా కూర్చున్నాం. బియ్యం, కొవ్వొత్తులు, డ్రమ్ముల్లో నీళ్ళు ముందే సర్దిపెట్టుకున్నది మా భవనంలో ఆయన ఒక్కరే. వీధులు వాగులై, తర్వాత కుళాయిలు ఎండిపోయిన ఆ రోజుల్లో మా ఇంటి పొయ్యి వెలిగింది ఆయన దయవల్లే. "కోనసీమ వాడికి గాలి రంగు చూస్తే తెలుస్తుందమ్మాయ్" అనేవారు.

మావారూ ఆయనా ఒకే కంపెనీ. 2013 మేలో ఒమన్‌లో వారాంతపు సెలవు గురు, శుక్రవారాల నుంచి శుక్ర, శనివారాలకి మారింది. అదే నెలలో ఆయనతో పనిచేసే స్కాట్లండ్ పెద్దాయన రిటైరై వెళ్ళిపోతూ తన గాలం కర్రని అన్నయ్యగారికి ఇచ్చారు. గల్ఫ్‌లో ఇది మామూలే. వెళ్ళిపోయేవాళ్ళు ఫ్రిజ్, సోఫా, తులసికుండీ ఉండిపోయేవాళ్ళకి ఇచ్చి వెళతారు. అలా వచ్చింది తొమ్మిదడుగుల కర్ర, దానికో రీలు. దాని ఆటకి పేరు ఫ్లై ఫిషింగ్.

"అంటే కూర్చుని ఈగలు తోలుకుంటూ చేపలు పట్టడమా?" అన్నారు మావారు. ఆ ఛలోక్తికి మొదటిసారి అందరం నవ్వాం. తర్వాత ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు.

మాది భీమవరం. మా నాన్నగారికి చేపల చెరువులుండేవి. బొచ్చె, శీలావతి ఐసు పెట్టెల్లో లారీలకెక్కి కలకత్తా వెళ్ళేవి. చేపంటే మాకు టన్నుల లెక్క. రోజంతా ఎండలో నిలబడి ఒక్క చేప కోసం చూడటం, దొరికితే దాన్ని మళ్ళీ నీళ్ళలో వదిలేయడం వింటే మా నాన్నగారు ఆ మనిషిని డాక్టరుకి చూపించమనేవారు. నేను కూడా మొదట తోడుకోసమే వెళ్ళాను. పిల్లలు చదువులకి ఇండియా వెళ్ళిపోయాక శుక్రవారాలు పొడుగైపోయాయి. మస్కట్ పక్కన యితి, సీఫా తీరాలకి ముగ్గురం వెళ్ళేవాళ్ళం. మావారు కారులో సీటు వెనక్కి వాల్చి పడుకునేవారు. వదిన రారు. మోకాళ్ళ నొప్పులు, ఎండ అని పైకి చెప్పినా, "ప్రాణంతో ఆటలేమిటమ్మా, తింటే తినాలి, లేకపోతే దాని మానాన దాన్ని వదలాలి" అన్నది అసలు కారణం. ఆ మాటకి ఇప్పటికీ నా దగ్గర పూర్తి జవాబు లేదు.

మామూలు గాలానికి బరువు కొస దగ్గర ఉంటుంది. ఎరో, సీసపు గుండో విసిరితే దాని వెంట దారం పోతుంది. ఈ పద్ధతిలో ఎరకి ఈకంత బరువే ఉంటుంది, ఎందుకంటే అది ఈకే. కొక్కేనికి ఈకలూ దారాలూ చుట్టి పురుగులాగో, చిన్న చేపలాగో, పీతలాగో చేస్తారు. బరువంతా లావుపాటి దారంలో ఉంటుంది. ఆ దారాన్ని తల మీదుగా వెనక్కి, ముందుకి ఊపి గాల్లో సాగదీసి, ఎరని చప్పుడు లేకుండా నీళ్ళ మీద దింపాలి. చేతిలో బలం కన్నా ఆగడం ముఖ్యం. వెనక్కి వెళ్ళిన దారం పూర్తిగా చాచుకునే దాకా ఆగి, అప్పుడు ముందుకి కొట్టాలి. తొందరపడితే దారం మన నెత్తినే పడుతుంది. నాకు మొదటి నెలంతా నెత్తినే పడింది. ఒకసారి కొక్కెం నా చున్నీకే తగులుకుంది. "ఇవాళ్టికి పెద్ద చేపే పడింది" అన్నారాయన.

ఇది మగవాళ్ళ ఆట అని నేను విసుక్కుంటే ఆయన ఒక సంగతి చెప్పారు. గాలంతో చేపలు పట్టడం గురించి ఇంగ్లీషులో అచ్చయిన మొదటి పుస్తకం 1496 నాటిది. దాన్ని రాసింది జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని అని సంప్రదాయంగా చెబుతారు. అందులో పన్నెండు రకాల ఈకల ఎరలు వర్ణించి ఉన్నాయి. అవసరానికి మించి చేపలు పట్టొద్దన్న హితవు కూడా ఉంది. "అయిదొందల ఏళ్ళ కిందట ఒకావిడ చెప్పింది, మీ నాన్నగారికి చెప్పు" అని నవ్వేవారు.

ఈకలు మాత్రం మన గోదావరివే. ఊరెళ్ళినప్పుడు తమ్ముడి నాటుకోళ్ళ మెడ ఈకలు ఏరి తెచ్చుకునేవారు. డేగ ఈకలు ఎర్రవి, కాకి ఈకలు నల్లవి. ఆవకాయ సీసాల మధ్య పాత పంచెలో చుట్టి తెచ్చి, శుభ్రంగా కడిగి ఆరబెట్టి, పోపుల పెట్టెలో పెట్టుకునేవారు. అమలాపురం కోడి ఈక అరేబియా సముద్రంలో పీతలా నటించడం ఆయనకి గొప్ప సంబరం.

కంపెనీ పని మీద ఏడాదికి నాలుగైదుసార్లు సలాలా వెళ్ళేవారు. అక్కణ్ణుంచి తూర్పున డెబ్భై కిలోమీటర్ల దూరంలో ఉన్న మిర్బాత్ తీరమే ఆయన అసలు చోటు. ఫ్లై ఫిషింగ్ తెలిసినవాళ్ళు దక్షిణ ఒమన్‌కి ప్రపంచం నలుమూలల నుంచీ వస్తారు, ముఖ్యంగా ఒక్క చేప కోసం. చూడ్డానికి మన చందువలా పలకగా, గుండ్రంగా ఉంటుంది గానీ జాతి వేరు. రాళ్ళ మధ్య మోకాలిలోతు నీళ్ళలోకి పీతల కోసం వస్తుంది. పెద్ద కళ్ళు, మహా అనుమానం. నీడ పడినా, ఎర కాస్త గట్టిగా పడినా మాయం. ఆ చేప పేరేమిటో తెలుసా? పర్మిట్.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఆ మాట వింటే గుండె ఒక్కసారి ఆగుతుంది కదా! "పాతికేళ్ళ నుంచి పర్మిట్ వెనకాలే తిరుగుతున్నానమ్మాయ్. ఆఫీసులో ఇచ్చేది రెండేళ్ళకోసారి దొరుకుతుంది, ఇది అంతకన్నా కష్టం" అనేవారు. పదేళ్ళలో ఆయన పట్టినవి నాలుగు. అందులో రెండు నా కళ్ళముందు పట్టినవి. కొక్కెం ముల్లుని ముందే శ్రావణంతో నొక్కేసేవారు, సులువుగా ఊడి రావడానికి. చేతులు తడుపుకుని గానీ చేపని తాకరు. నీళ్ళలోంచి పైకెత్తాల్సి వస్తే తన ఊపిరి బిగబట్టేవారు. "నాకు ఆయాసం వచ్చేలోపు దాన్ని దింపెయ్యాలి, లెక్క అదే." ఫోను కారులోనే వదిలేసేవారు కాబట్టి ఒక్క ఫొటో కూడా లేదు.

ఆ ఫొటో లేకపోవడమే తర్వాత ఇబ్బందైంది.

అన్నయ్యగారిని ఊరు తీసుకెళ్ళి కర్మకాండలు అయ్యాక, ఇల్లు ఖాళీ చేయడానికీ బ్యాంకు పనులకీ వదిన ఫిబ్రవరిలో తిరిగొచ్చారు. ఆవిడ వీసా ఆయన వీసాకే ముడిపడి ఉంది. ఇరవై ఏళ్ళ కాపురాన్ని కొద్ది వారాల్లో అట్టపెట్టెల్లో సర్దాలి. ఒక సాయంత్రం పాత పోపుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని నన్నడిగారు.

"ఒట్టేసి చెప్పు. ఆయన నిజంగా చేపలు పట్టేవారా?"

నేను తెల్లబోయాను. పదేళ్ళలో ఆయన ఇంటికి ఒక్క చేప తేలేదు. పట్టి వదిలేశానని చెప్పేవారు. దొరక్క సిగ్గుపడి అలా చెబుతున్నారని వదిన అనుకున్నారు. ఆ శుక్రవారాలు ముత్రాహ్ మార్కెట్ నుంచి వంజరం, ఇక్కడి పేరు కనద్, తెప్పించి పులుసు పెట్టి ఉంచేవారు, వట్టి చేతులతో వచ్చిన మనిషి చిన్నబుచ్చుకోకూడదని. ఇప్పుడు ఆవిడని వేధిస్తున్నది వేరే సంగతి. "చేపలూ లేక, ఫొటోలూ లేక, అన్ని శుక్రవారాలు అక్కడ ఏం చేశారు? ఇంట్లో నాతో ఉండటం అంత కష్టమయ్యిందా?"

నేను చూశాను, నేను సాక్షినని చెప్పాను. ఓదార్పు కోసం చెబుతున్నాననుకున్నారు. అందుకే టికెట్లు తీశాను.

మస్కట్ నుంచి సలాలాకి రోడ్డు మీద వెయ్యి కిలోమీటర్లు, విమానంలో గంటన్నర పైన. విమానాశ్రయం దాటి ఊళ్ళోకి రాగానే వదిన కారు ఆపమన్నారు. రోడ్డు పక్కన కొబ్బరితోటలు, అరటి గెలలు, బొప్పాయిలు, బొండాలు కొట్టి ఇచ్చే దుకాణాల వరస. "ఇదేంటమ్మా, రావులపాలెం దాటినట్టుంది" అన్నారు. బొండాం చేతిలో పట్టుకుని తాగకుండా చాలాసేపు ఆ చెట్లనే చూశారు. తుఫానులో తోట పోగొట్టుకుని వచ్చిన మనిషి, సలాలా పని ఎప్పుడొచ్చినా ఎందుకు కాదనలేదో మాకిద్దరికీ ఒకేసారి అర్థమైందనుకుంటా. ఇద్దరం పైకి అనలేదు.

తాఖా ఊరు దాటాక ఖోర్ రోరి వస్తుంది. సముద్రపు ఇసుకగట్టు వెనక నిలిచిన నీళ్ళు, ఆ నీళ్ళ పక్కన గుట్ట మీద సుమ్‌హురమ్ శిథిలాలు. సాంబ్రాణి ఓడలెక్కిన రేవు ఇది. 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇక్కడి తవ్వకాల్లో మన దేశం నుంచి వచ్చిన చిన్న కంచు సాలభంజిక బొమ్మ దొరికింది. తల లేని బొమ్మ, కానీ నిలబడిన తీరు మన ఆడపిల్లదే. ఎవరు తెచ్చుకున్నారో, వెళ్ళేటప్పుడు ఎందుకు వదిలేశారో! ధోఫార్ తీరంలోని ఇలాంటి ఖోర్లు 1997 నుంచి రక్షిత ప్రాంతాలు. అన్నయ్యగారు ఇక్కడ కర్ర బయటికి తీసేవారు కాదు. గట్టు మీద కూర్చుని నీళ్ళలో తిరిగే చేపల్ని చూసి లేచి వచ్చేసేవారు. "వీటికి పర్మినెంట్ వీసా ఉంది, మనం జోక్యం చేసుకోకూడదు" అనేవారు.

మిర్బాత్ పాత రేవు. పగుళ్ళిచ్చిన వర్తకుల ఇళ్ళు, చెక్కిన కిటికీలు, ఊరి బయట తెల్లటి జంట గుమ్మటాల బిన్ అలీ సమాధి, వెనక సమ్హాన్ కొండ. ఒడ్డున ఇసుక మీద సార్డిన్ చేపలు పరిచి ఎండబెడతారు. ఎండినవి ఒంటెలకి మేత. ఆ వాసనకి వదిన ముక్కు మూసుకోలేదు. "అంతర్వేది ఒడ్డున ఇదే వాసన" అన్నారు.

పడవల దగ్గర వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన నా చేతిలోని కర్ర చూసి లేచి వచ్చాడు. ఒమనీ పెద్దమనిషి, హిందీ బాగానే వచ్చు. "ఈ కర్ర మచ్లీ ఛోడ్నే వాలా సాహెబ్‌ది కదా?" అన్నాడు. చేపలు వదిలేసే దొరగారు! ఈవిడ ఆయన భార్య, ఆయన పోయారు అని చెప్పాను. గుండె మీద చెయ్యి పెట్టుకుని దేవుణ్ణి తలుచుకున్నాడు. తర్వాత అడక్కుండానే మొదలుపెట్టాడు. ఆయన పట్టడం చూసి మొదట్లో పిచ్చివాడనుకున్నారట. మాకు ఇవ్వొచ్చు కదా అని అడిగితే చేతులు జోడించి దండం పెట్టి నీళ్ళలో వదిలేసేవారట. ఒకసారి ఆ గుండ్రటి చేప పడిన రోజున ఒడ్డున ఉన్న అందరికీ కరక్ చాయ్ కొనిచ్చారట.

"చాయ్ కొనిచ్చారా?" వదిన తెలుగులోనే అడిగారు. ఆయనకి అర్థమైంది. అవునని తలూపాడు.

వదిన ఇసుకలో కూర్చుండిపోయారు. "ఇంట్లో నాకు చెప్పారు. నేను నమ్మలేదు. పదేళ్ళూ నమ్మలేదు" అన్నారు. నేను పక్కన కూర్చున్నాను. ఏం చెప్పినా తక్కువే అనిపించింది.

సాయంత్రం గాలి తగ్గాక రాళ్ళ దగ్గరికి నడిచాం. పోపుల పెట్టె తెరిచి పీత ఎర కట్టి నేను విసిరాను. మూడోసారికే దారం చిక్కుపడింది. వదిన చూస్తూ ఉండి, "ఎలా నేర్పారు నీకు?" అన్నారు. అప్పుడు గుర్తొచ్చి చెప్పాను. మొదటి నెలంతా నాకు ఆగడం రాకపోతే ఆయన ఇలా అన్నారు. "మీ వదిన డాబా మీద తడిచీర ఆరేయడం ఎప్పుడైనా చూశావా? ముందుకి దులుపుతుంది, వెనక్కి తీసుకుని ఒక్క క్షణం ఆగుతుంది, చీర మొత్తం చాచుకున్నాక మళ్ళీ కొడుతుంది. ఆ చప్పుడు వింటే చాలు, పొరపాటు జరగదు. నేను నేర్చుకున్నది ఆ స్కాట్లండ్ ఆయన దగ్గర కాదు, మా డాబా మీద."

వదిన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కొంగు బొడ్లో దోపి, కర్ర ఇలా ఇవ్వమన్నారు. చెప్పులు విప్పి చీలమండల లోతు నీళ్ళలో నిలబడ్డారు. మొదటి రెండుసార్లు దారం పక్కకి పోయింది. మూడోసారి వెనక్కి తీసుకుని ఆగారు. దారం పొడుగ్గా చాచుకుంది. ముందుకి కొట్టారు. పదేళ్ళ నా సాధనలో ఎన్నడూ పోనంత తిన్నగా పోయి, ఎర చప్పుడు లేకుండా నీళ్ళ మీద దిగింది.

చేప పడలేదు. చీకటి పడేదాకా విసురుతూనే ఉన్నారు. మోకాళ్ళ నొప్పి గుర్తు రాలేదు. తిరిగొస్తూ, "పడితే వదిలేసేదాన్నే" అన్నారు, నేను అడక్కపోయినా.

మీలో ఎవరైనా సలాలా వెళ్ళాలనుకుంటే ఒక మాట. జూన్ చివర్నుంచి సెప్టెంబరు దాకా ఖరీఫ్ కాలం. కొండలన్నీ పచ్చబడి, సన్నటి తుంపరతో బాగుంటుంది. అందరూ అప్పుడే వెళతారు. కానీ సముద్రం అప్పుడు ఉగ్రంగా ఉంటుంది, నీళ్ళలో దిగకూడదు. ఒడ్డున ప్రశాంతంగా గడపాలంటే అక్టోబరు తర్వాత, ఎండలు ముదరకముందు వెళ్ళండి. సరదాకి చేపలు పట్టాలన్నా లైసెన్సు తీసుకోండి. కనద్ వేటకి ఏటా ఆగస్టు 15 నుంచి అక్టోబరు 15 దాకా నిషేధం ఉంటుంది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపినట్టే. "రెండు సముద్రాలకీ సెలవులున్నాయి, మనకే లేవు" అనేవారు అన్నయ్యగారు.

వదిన మార్చిలో అమలాపురం వెళ్ళిపోయారు. వెళ్ళే ముందురోజు కర్ర నాకిచ్చారు. మా పర్మిట్ ఉన్నన్నాళ్ళు అది మా ఇంట్లో ఉంటుంది, తర్వాత ఎవరికి ఇవ్వాలో చూడాలి. ఈకలూ కొక్కేలూ ఒక ప్లాస్టిక్ డబ్బాలోకి వంచి, స్టీలు పెట్టె మాత్రం గట్టిగా పట్టుకున్నారు. "ఇది మా అత్తగారు పెట్టినది, నేనివ్వను" అన్నారు.

మొన్న ఫోనులో మాట్లాడుతుంటే పోపు చిటపటలు వినిపించాయి. పాత పెట్టె వాడుతున్నారా అని అడిగాను.

"ఆఁ, బాగా తోమి వాడుతున్నా. ఆరు గిన్నెల్లో సరుకులు పోశా. ఆవాలు మాత్రం సీసాలోంచే తీసుకుంటున్నానమ్మా" అన్నారు. "ఆ గిన్నెలో ఆయన కట్టిన పీత ఉంది."